ఒపీనియన్: నేను 4 స్టార్లు ఇచ్చిన మీటర్, మా నాయన వడ్లు

ఈ వారం ఫోన్ రివ్యూ లేదు ఫ్రెండ్స్. కొత్త మోడల్ బాక్స్ నాలుగు రోజులుగా నా టేబుల్ మీద సీల్ తీయకుండానే ఉంది. ఎడిటర్ రెండుసార్లు ఫోన్ చేశారు. కానీ దానికంటే ముందు పోయిన నవంబర్‌లో నేను చేసిన ఒక తప్పు గురించి రాయాలి. అది రాయకుండా ఇంకో గ్యాడ్జెట్‌కి స్టార్లు వేయడానికి చెయ్యి రావడం లేదు.

మా ఊరు కోదాడ దగ్గర. నేనుండేది సూర్యాపేట. అత్తగారిది మిర్యాలగూడ. "అన్నా, 15 వేలలో ఏ ఫోన్ మంచిది?" అని నాకు మెసేజ్ పెట్టేవాళ్లలో సగం మంది ఈ మూడు ఊళ్లవాళ్లే. కెమెరా ఎంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, గేమ్ ఆడితే వేడెక్కుతుందా అని అడుగుతారు. అడగాల్సినవే. కాకపోతే మా దిక్కు ఒక కుటుంబం ఆర్నెల్ల కష్టాన్ని రెండు నిమిషాల్లో తేల్చేసే గ్యాడ్జెట్ ఫోన్ కాదు. అరచేతిలో పట్టే తేమ మీటర్.

పొలాలు లేని చదువరుల కోసం కొంచెం వివరంగా చెప్తాను. కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకు వడ్లు అమ్మాలంటే తేమ 17 శాతం దాటకూడదు. మీటర్‌లో గుప్పెడు గింజలు పోసి బటన్ నొక్కుతారు, స్క్రీన్ మీద ఒక అంకె వస్తుంది. 16.9 వస్తే కాంటా, 17.6 వస్తే మళ్లీ ఎండబెట్టుకో. మిర్యాలగూడ మిల్లుల దగ్గర సన్నరకాలైతే మిషన్ కోసిన పచ్చి వడ్లు ట్రాక్టర్ మీదే బేరమవుతాయి, ఆ లెక్క వేరు. దొడ్డువడ్లు పండించి ఊళ్లో కేంద్రానికి పోసే మా నాయనలాంటి వాళ్లకు మాత్రం ఆ అంకే తీర్పు.

ఆ అంకె వెనక ఉన్న లెక్క చాలామందికి ఎవరూ చెప్పరు. 20 శాతం తేమ ఉన్న క్వింటా వడ్లలో నీళ్లు 20 కిలోలు, పొడి పదార్థం 80 కిలోలు. దాన్ని 17 శాతానికి దించాలంటే ఆ 80 కిలోలు మొత్తంలో 83 శాతం కావాలి. అంటే క్వింటా బరువు 96 కిలోల 400 గ్రాములకు దిగుతుంది. మూడు శాతం తేమ తగ్గితే పోయేది మూడు కిలోలు అనుకుంటాం, నిజానికి పోయేది 3 కిలోల 600 గ్రాములు. 2025-26లో ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. ఆ లెక్కన 86 రూపాయలు. తరుగు ఎంత తీస్తే న్యాయం, ఎంత తీస్తే దోపిడీ అన్నది ఈ కూడిక తీసివేత తెలిస్తేనే అడగగలం. మా తాత తరంలో గింజను పంటి కింద పెట్టి కొరికి, టక్కున విరిగితే ఎండినట్టు అనేవాళ్లు. ఆ పద్ధతి తప్పని అనను, కానీ పంటి కింది శబ్దాన్ని పట్టుకొని ఎవరితో వాదిస్తాం? మీటర్ ఎప్పుడూ కొనేవాళ్ల చేతిలోనే ఉండేది.

అందుకే రెండేళ్ల కింద ఆరు వేల చిల్లర పెట్టి ఒక తేమ మీటర్ కొన్నాను. ఈ సైట్‌లోనే రివ్యూ రాశాను. స్క్రీన్ ఎండలో కూడా కనిపిస్తుందని, పట్టుకోవడానికి తేలిగ్గా ఉందని, బ్యాటరీ ఒక సీజన్ వస్తుందని రాసి 4 స్టార్లు ఇచ్చాను. "రైతు చేతిలో సమాచారం" అని సబ్ హెడ్డింగ్ కూడా పెట్టాను. ఆ రివ్యూ చూసి మా ప్రాంతంలో చాలామంది కొన్నారు, ఫోన్ చేసి థాంక్స్ కూడా చెప్పారు. ఆ మీటర్ మా నాయనకు ఇచ్చేశాను.

పోయిన నవంబర్‌లో జరిగింది ఇది. వరికోత మిషన్ వచ్చి కోసింది. నాయన ట్రాక్టర్ ట్రక్కు వడ్లు కేంద్రం దగ్గర పోసి మూడు రోజులు ఎండబెట్టాడు. పొద్దున తొమ్మిది దాకా మంచు, మధ్యాహ్నం నాలుగైదు గంటలే ఎండ. మూడో రోజు సాయంత్రం మా మీటర్‌లో 16.4 వచ్చింది. కేంద్రంలో ఉండే అమ్మాయి తన మీటర్‌లో చూస్తే 18.7. "ఇంకో రెండ్రోజులు ఎండాలె తాతా" అంది.

ఇదే పని ఐదేళ్ల కింద జరిగితే నాయన సరేనని మళ్లీ పార పట్టేవాడు. ఈసారి పట్టలేదు. "నా కొడుకు ఈటి మీదనే పనిజేస్తడు. గీ మిషన్ సంగతి నాకు తెలుసు. మీదే తప్పు" అన్నాడు. పక్క రైతులు ఇద్దరు ఆయన వైపు నిలబడ్డారు. ఆ రోజు ఆయన గొంతులో ఉన్న ధీమా నేనిచ్చిందే. వడ్లను మళ్లీ పలచగా నేర్పకుండా కుప్ప పోసి, పైన పట్టా కప్పి, రేపు పై అధికారి వస్తే తేల్చుకుంటానని ఇంటికి వచ్చేశాడు. రాత్రి రెండింటికి వాన. పట్టా పైన బాగానే ఉంది, కింద నుంచి నీళ్లు పారాయి.

పొద్దున నేను సూర్యాపేట నుంచి వెళ్లేసరికి కుప్ప అడుగు వేడెక్కి ఉంది. మీటర్ తీసుకొని సెట్టింగ్స్ చూశాను. గింజ కోడ్ 1లో ఉంది. కోడ్ 1 గోధుమ. వడ్లది కోడ్ 2. కోతలకు ముందు నాయన సెల్స్ మార్చాడు. సెల్స్ తీయగానే ఆ మీటర్ మొదటి కోడ్‌కి వెళ్లిపోతుంది. నేను రివ్యూ చేసినప్పుడు సెల్స్ తీసి పెట్టాను కూడా, ఎందుకంటే బ్యాటరీ కంపార్ట్‌మెంట్ ఫోటో కావాలి. కోడ్ మారింది చూశాను. మళ్లీ 2కి పెట్టుకున్నాను. రాయాల్సినంత పెద్ద విషయం అనిపించలేదు.

కోడ్ 2 పెట్టి, అడుగు తడవని చోట గింజలు తీసి చూస్తే 18.5. ఆ అమ్మాయి మీటర్ కరెక్టే. పది సంచుల వడ్లు మొలకెత్తి కోళ్ల దాణాకు పోయాయి. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. కేంద్రంలో అమ్మాయి దగ్గరికి వెళ్లి, "నాదే తప్పు బిడ్డా" అని వచ్చాడు. ఆయన ఆ మాట అనాల్సిన అవసరం నిజానికి లేదు. ఆ మాట అనాల్సింది నేను. రివ్యూ ఇప్పుడు సరిదిద్దాను, 2 స్టార్లకు దించాను, పైన ఎర్ర అక్షరాల్లో కారణం రాశాను. కొన్నవాళ్లందరికీ అది చేరుతుందన్న నమ్మకం లేదు.

ఈ మీటర్లు నిజానికి నీటిని కొలవవు. గింజల గుండా పోయే కరెంటు ధర్మాన్ని కొలుస్తాయి. నీళ్లు ఎక్కువుంటే అది మారుతుంది. ఎంత మారితే ఎంత తేమ అన్నది ఒక్కో గింజకు ఒక్కో పట్టిక. గోధుమ పట్టికలో వడ్లను వెతికితే అంకె వస్తుంది, తప్పకుండా వస్తుంది, దశాంశంతో సహా వస్తుంది. అప్పుడే ఎండలోంచి తీసిన వేడి గింజలకు, నీడలో చల్లారిన గింజలకు కూడా తేడా వస్తుంది. అసలు కొలత అంటే ల్యాబ్‌లో ఓవెన్‌లో ఎండబెట్టి, ముందు బరువు వెనక బరువు తూచడం. చేతి మీటర్ ఆ కొలతకు దగ్గరగా వేసే అంచనా. కానీ స్క్రీన్ మీద 16.4 అని కనిపిస్తే దాన్ని అంచనా అని ఎవరనుకుంటారు?

దీనికి అన్న లాంటిది ఇంకోటి ఉంది మా జిల్లాలో. టీడీఎస్ పెన్ను.

నల్గొండ పేరు దేశమంతా నీళ్ల ఇంజనీర్లకు ఎందుకు తెలుసో మన ఫోన్ చదువరుల్లో కొందరికి తెలియకపోవచ్చు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసిన పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియబెట్టి, తేర్చడం. ఊరికి గొప్ప పేరు కాదు, ఒళ్లు వంగిపోయిన మనుషుల వల్ల వచ్చిన పేరు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఎక్కువ. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. తరాల తరబడి మనుషులు ఆ నీళ్లే తాగారు, ఎందుకంటే చూడ్డానికి తేటగా ఉంటాయి, రుచిలో తేడా ఉండదు. తెలియకపోవడం ఎంత ఖరీదో చెప్పడానికి మాకు వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు అదే ప్రాంతంలో రెండు మూడు వందలకు టీడీఎస్ పెన్ను దొరుకుతుంది. నీళ్లలో ముంచితే అంకె. తక్కువ వస్తే మంచి నీళ్లు అని తాగేస్తున్నారు. మిర్యాలగూడలో మా బంధువుల ఇంట్లో బోరు నీళ్లకు 280 వచ్చిందని ఫిల్టర్ తీసేశారు. ఆ పెన్ను చెప్పేది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి సుమారుగా ఎంత అన్నది మాత్రమే. అది కూడా కరెంటు ఎంత పారుతుందో చూసి వేసే అంచనా. 280లో ఫ్లోరైడ్ 0.5 ఉందా 3 ఉందా అన్నది దానికి తెలియదు. సూక్ష్మక్రిములు ఉన్నాయో లేవో అసలే తెలియదు. మరిగిస్తే పోతుందిలే అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. మరిగిస్తే నీళ్లు ఆవిరై, మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది.

పనిలో పనిగా ఇంకో మోసం కూడా చెప్పేస్తాను. ఫిల్టర్ అమ్మేవాళ్లు ఇంటికొచ్చి, రెండు గ్లాసుల్లో కరెంటు కడ్డీలు ముంచి, మీ నీళ్లు గోధుమ రంగులోకి మారాయి చూడండి అంటారు. ఆ రంగు మీ నీళ్లలోది కాదు. ఇనుప కడ్డీ కరిగి వచ్చిన తుప్పు. మీ నీళ్లలో లవణాలు ఉన్నాయి కాబట్టి కరెంటు బాగా పారింది, వాళ్ల ఫిల్టర్ నీళ్లలో లేవు కాబట్టి పారలేదు. ఆ ఫిల్టర్ నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి, సామాను సర్దుకుంటారు.

ఇంతవరకు చదివి, "అయితే ఈ మెషిన్లేవీ వద్దంటావా?" అని అడిగేవాళ్లుంటారు. మా ఊళ్లో పెద్దమనుషులు రచ్చబండ దగ్గర అనేది అదే. ఫోన్లొచ్చి నాశనమైపోయామని. నేను ఒప్పుకోను. కోదాడకు పక్కనే చిలుకూరు ఉంది. 1941లో ఆంధ్రమహాసభ ఎనిమిదో మహాసభ అక్కడే జరిగింది, రావి నారాయణరెడ్డి అధ్యక్షత వహించారు. నిజాం పాలనలో తెలుగు బడులు, గ్రంథాలయాలు కావాలని అడగడం కూడా ఒక ఉద్యమమే. కాగితం మీద ఏముందో చదవలేని మనిషి వేలిముద్ర వేసేవాడు, ఆ వేలిముద్రతో భూమి పోయేది. తెలియనివ్వకపోవడమే దొరతనం. ఆ రోజుల నుంచి చూస్తే, పట్టాదారు పాస్‌బుక్ వివరాలు ఫోన్‌లో చూసుకోగల రైతు చాలా దూరం వచ్చాడు. ఆ దూరాన్ని వెనక్కి నడవమని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

కాకపోతే అప్పట్లో తెలియని మనిషికి తనకు తెలియదని తెలుసు. చదువుకున్నోడిని వెతుక్కుంటూ వెళ్లేవాడు. ఇప్పుడు జేబులో ఫోన్ ఉంది, అది ఎప్పుడూ "నాకు తెలియదు" అనదు.

2018 మే గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని, పార్థీ గ్యాంగ్ అని వాట్సాప్‌లో వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు. సూర్యాపేటలో మా వీధిలో మగవాళ్లు వంతులేసుకొని కర్రలు పట్టుకొని రాత్రంతా కూర్చున్నారు. నేనూ ఒక రాత్రి కూర్చున్నాను, సిగ్గుపడాల్సిన విషయమే. ఆ నెలలోనే పక్కన యాదాద్రి భువనగిరి జిల్లాలో, అటు నిజామాబాద్ జిల్లాలో అమాయకులను జనం కొట్టి చంపారు. అప్పుడు గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఫోన్‌కు మందు ఫోన్‌లో వెతకలేదు. ఊరూరికి పోలీసులను పంపారు, కళాకారులతో డప్పు కొట్టించి పాటల్లో చెప్పించారు, అది అబద్ధం అని మనిషి ముఖం చూసి చెప్పించారు. తర్వాత ఆవిడ నల్గొండ ఎస్పీగా కూడా పనిచేశారు. వాట్సాప్ ఆ జూలైలో 'ఫార్వర్డెడ్' అనే లేబుల్ పెట్టింది, మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా ఆపింది. లేబుల్ మంచిదే. ఆ రాత్రి కర్ర పట్టుకున్న నాకు మాత్రం ఆ మెసేజ్ మా బావమరిది దగ్గర నుంచి వచ్చింది, నాకు అది ఫార్వర్డ్ కాదు, బావమరిది మాట.

రెండేళ్లకు, 2020 ఏప్రిల్‌లో, సూర్యాపేట మళ్లీ వార్తల్లోకి వచ్చింది. కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల కరోనా పాకి, జిల్లాలో కేసులు 80 దాటాయి. ఆ రోజుల్లో ఎవరు ఎవరిని కలిశారు అన్న సమాచారం మందుకంటే విలువైనది. ఆరోగ్య సిబ్బంది ఫోన్ చేసి ఏ రోజు ఏ దుకాణానికి వెళ్లారు, ఎవరి పక్కన నిలబడ్డారు అని ఓపికగా అడిగేవాళ్లు. ఆ ప్రశ్నలకు నిజం చెప్పినవాళ్ల వల్ల ఎంతమంది బతికారో లెక్క కట్టలేం. అదే వారం మా కాలనీ గ్రూపులో ఒక లిస్టు తిరిగింది. పేర్లు, వీధులు, కొందరివి ఫోన్ నంబర్లు. పాజిటివ్ వచ్చినవాళ్లట. అందులో మా వీధి చివర కూరగాయలు అమ్మే ఒకామె పేరుంది. ఆమెకు పరీక్షే చేయలేదు. పాలవాడు ఆ ఇంటికి రావడం మానేశాడు, బోరింగ్ దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్లు తీసుకొని వెళ్లిపోయేవాళ్లు. ఒకే విషయం, ఎవరికి జబ్బు వచ్చిందన్న విషయం. ఆస్పత్రి రిజిస్టర్‌లో ఉన్నంతసేపు ఊరిని కాపాడింది. గ్రూపులో పడగానే, అది కూడా తప్పుగా పడగానే, ఒక మనిషికి నీళ్లు లేకుండా చేసింది.

మిర్యాలగూడ గురించి రాయకుండా ఉండాలనుకున్నాను. ఉండలేను. 2018 సెప్టెంబర్ 14న ఆసుపత్రి బయట పట్టపగలు కులం కోసం ఒక యువకుడిని నరికి చంపారు. గర్భిణి అయిన భార్య పక్కనే ఉంది. అది సీసీటీవీ కెమెరాలో రికార్డైంది. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది. గోడ మీది కెమెరా చేసిన మంచి పని అంటే, ఎవరూ కళ్లు మూసుకొని అలాంటిదేమీ జరగలేదని చెప్పలేకపోవడం. అదే వీడియో ఆ సాయంత్రానికే నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. మా అత్తగారింట్లో పదో తరగతి చదివే పిల్లాడు అన్నం తింటూ చూస్తున్నాడు. చూసి వాడికి తెలిసిందేమిటి? సాక్ష్యం కోర్టుకు కావాలి. వాడికి అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు. నేను సీసీటీవీ కెమెరాలు కూడా రివ్యూ చేస్తాను. నైట్ విజన్, రెజల్యూషన్, మొబైల్ యాప్. ఆ ఫుటేజ్‌ను ఎవరు డౌన్‌లోడ్ చేయొచ్చు, పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేస్తే ఎవరు చూడొచ్చు అన్నది ఒక్క రివ్యూలో కూడా రాయలేదని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే కనిపిస్తోంది.

మన గురించి ఫోన్‌కు తెలిసేది ఇంకో పెద్ద కథ, ఇక్కడ ఒక్క ముక్కే. 2020 చివర్లో లోన్ యాప్‌ల గొడవలో తెలంగాణలో ప్రాణాలు పోయాయి. ఆ యాప్‌ల దగ్గర ఉన్న ఆయుధం వడ్డీ కాదు, మన కాంటాక్ట్ లిస్టు. అప్పు తీసుకున్నవాడి మేనమామకు, ఆఫీసులో పైవాడికి ఫోన్ చేసేవాళ్లు. 'అలో' అని మనమే నొక్కి ఇచ్చిన లిస్టు. డబ్బు మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఆ నంబర్ మీ అమ్మానాన్నల ఫోన్‌లో సేవ్ చేసి పెట్టండి. సరే.

ఇప్పుడు కొత్తగా ఏఐ చాట్ వచ్చింది. నాయన ఈ యాసంగిలో వరి ఆకు ఫోటో తీసి అడిగాడు. చక్కటి తెలుగులో, అక్షర దోషం లేకుండా, అగ్గితెగులు అని, ఫలానా మందు ఇంత మోతాదు అని చెప్పింది. నవంబర్ దెబ్బ తిన్న మనిషి కాబట్టి మందు కొట్టు దగ్గరికి పోకుండా నాకు ఫోన్ చేశాడు. నాకేం తెలుసు? గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి మొక్క పీక్కొని వెళ్లమన్నాను. మిర్యాలగూడ దిక్కువాళ్లకు కంపాసాగర్‌లో ఒకటి ఉంది. ఎక్కడికీ పోలేనివాళ్లు 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌కు తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ఆకు గురించి కాదట. "ఎండిన చోటు ఆకు అంచు నుంచి మొదలైందా, మధ్యలో మచ్చలుగా వచ్చిందా? యూరియా ఎప్పుడు వేసినవ్? పై మడి నీళ్లు నీ మడిలోకి వస్తయా?" చివరికి ఎండాకు తెగులు అని తేల్చారు. అది బ్యాక్టీరియాతో వస్తుంది. శిలీంద్రం మందు ఎంత కొట్టినా దానికి తగలదు. మందు డబ్బా ఖర్చు మిగిలింది. నాయన చాట్‌ను తిట్టలేదు. "అది నన్ను ఒక్క ప్రశ్న గూడ అడగలేదురా" అన్నాడు.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. డాక్టర్ అడుగుతాడు. కేవీకే వాళ్లు అడిగారు. మీటర్ "నాలో పోసింది వడ్లా గోధుమలా?" అని అడిగి ఉంటే పది సంచులు మిగిలేవి. కొన్ని మీటర్లలో ఆన్ చేయగానే గింజ పేరు తెర మీద వస్తుంది, సరేనని నొక్కితేనే ముందుకెళ్తుంది. దానికి పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. చవక మీటర్లలో అది పెట్టరు, నాలాంటి రివ్యూయర్ అడగడు కాబట్టి పెట్టరు.

నా ఎడిటర్‌కు ఒక మాట చెప్పాను, ఆయన ఇంకా అవుననలేదు. ఇకనుంచి నేను రాసే ప్రతి రివ్యూలో ధరకు పైన, స్టార్లకు పైన ఒక డబ్బా ఉంటుంది: 'దీనికి తెలియనివి'. టీడీఎస్ పెన్ను అయితే ఫ్లోరైడ్, క్రిములు. స్మార్ట్‌వాచ్ అయితే అది చూపించే ఆక్సిజన్ అంకెతో ఆస్పత్రికి వెళ్లాలా వద్దా అని తేల్చుకోకూడదని. ఫోన్ కెమెరా అయితే చంద్రుడి ఫోటోలో ఎంత లెన్స్ తీసింది, ఎంత సాఫ్ట్‌వేర్ గీసింది అని. ఇలా రాస్తే కంపెనీలు రివ్యూ పీసులు పంపడం తగ్గిస్తాయని ఎడిటర్ భయం. ఆయన భయం ఉత్తిదేం కాదు. ఆ బాక్స్ సీల్ నేను ఇంకా తీయకపోవడానికి అసలు కారణం కూడా అదే.

యాసంగి కోతలు మొదలయ్యాయి. నాయన మీటర్ వెనక పిల్లల నోట్‌బుక్ లేబుల్ అంటించి, "సెల్సు మారిస్తే 2 చూడు" అని రాసుకున్నాడు. మొన్న కేంద్రానికి వెళ్లి కుప్పలో మూడు చోట్ల చెయ్యిపెట్టి గింజలు తీసి, నీడలో కాసేపు చల్లార్చి, మూడు రీడింగులు కాపీలో రాశాడట. ఆ తర్వాత అదే అమ్మాయిని పిలిచి, రెండు మీటర్లూ పక్కపక్కన పెట్టి చూడమన్నాడట. 0.4 తేడా వచ్చింది. "ఎవరి దాంట్లో ఎక్కువొచ్చింది?" అని ఫోన్‌లో అడిగాను.

"మన దాంట్లోనే. 17.2. ఆమెది 16.8. తీసుకుంటా అన్నది. నేనే ఇంకో పూట ఎండనీయి బిడ్డా అన్న."